ఉతకకూడని చొక్కా

ఆ రోజు పొద్దున మరకల డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే. మర్నాటి నుంచి లాండ్రీ బాయిలరుకు మరమ్మతు. అది పూర్తయ్యేదాకా ఆవిరీ ఉండదు, వేడినీళ్ళూ ఉండవు. అందుకని ఆలోగానే ఇంట్లో మాసిన గుడ్డన్నది లేకుండా ఉతికిపారేయాలి. ఎంత చిన్న పని! ఇంత చిన్న పని కొంప ముంచుతుందని కాఫీ తాగే వేళకు ఎవరికి తెలుస్తుంది?

మరకల డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. కింద లాండ్రీ, పైన ఇల్లు. రెండూ తండ్రి నుంచి వచ్చినవే. సిరా, తుప్పు, నెత్తురు, గ్రీజు, ఏ మరకనైనా వెలుతురుకెత్తి చూసి, కనుబొమలు ముడిచి, "ముదిరింది, కానీ లొంగుతుంది" అంటాడు కాబట్టి వీధివాళ్ళు ఆ పేరు పెట్టారు. "మరక పోతుంది, బట్ట పోదు" అని తండ్రి రాయించిన బోర్డు ఇప్పటికీ దుకాణం మీద ఉంది. మనిషి మంచివాడే. ఒకటే లోపం. మరక తప్ప ఇంకేదీ కంటికి ఆనదు. "నన్ను మొదటిసారి చూసిన రోజున ఈయన నా మొహం చూళ్ళేదు. నా మోచేతి దగ్గర సిరా మరక చూశాడు" అని ఆయన భార్య వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. చెప్పి నవ్వదు.

డాక్టరుగారి అక్క తీరు వేరు. ఆమెకు కళ్ళకన్నా ముక్కు ముఖ్యం. చిన్నప్పటి నుంచి కౌంటర్లో కూర్చుని మాసిన బట్టలు విడదీసిన మనిషి. మెడపట్టీకి కుట్టిన గుర్తు గుడ్డ ఊడిపోయినా సరే, చొక్కాను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది బేకరీ ఆయనది, కానీ వేసుకున్నది వాళ్ళబ్బాయి" అని తేల్చేసేది. ఎన్నడూ తప్పింది లేదు. ఆమె పెళ్ళి కూడా అలాగే కుదిరింది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకడి మూట వారం వారం వచ్చేది. మనిషిని చూడకముందే ఆ మూట ఆమెకు నచ్చింది. "ఇనుము, తడిసిన చెక్క, ఆ రెంటి కింద ఇంకేదో. దానికి పేరు లేదు" అనేది. కొన్నాళ్ళు మూటనే ప్రేమించి, తర్వాత ఒకరోజు మనిషిని చూసి, "పర్లేదు, మొహం కూడా బానే ఉంది" అని పెళ్ళి చేసుకుంది. పైనే ఒక గదిలో పెట్టిన ఆ కాపురంలో ఇద్దరూ సుఖంగానే ఉన్నారు, అతను చచ్చిపోయేదాకా.

బావ పోయింది పనిలో ఉండగానే. మేడ పైన మోటారు గదిలో, చేతిలో స్పానరుతో, గుండె ఆగిపోయింది. దుఃఖమొస్తే కొందరు ఏడుస్తారు, కొందరు తాగుతారు. మరకల డాక్టరు ఉతుకుతాడు. అక్క ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా, ఆమె ఇంటికొచ్చేసరికి అంతా శుభ్రంగా ఉండాలని, బావ చొక్కాలు, లుంగీలు, దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ ఏడుస్తూ ఉతికి ఆరేసి ఇస్త్రీ చేశాడు. అక్క వచ్చి దిండు మీద మొహం పెట్టింది. సబ్బు వాసన. బీరువా తెరిచింది. సబ్బు వాసన. తమ్ముడి వైపు తిరిగి, "ఒకసారి దేవుడు చంపాడు, రెండోసారి నువ్వు చంపావురా" అంది. ఆ తర్వాత అన్నం మానేసింది.

ఎవరు చెప్పినా వినలేదు. ఆసుపత్రిలో సూది గుచ్చి సెలైను ఎక్కించేదాకా వచ్చింది వ్యవహారం. అప్పుడు బావతో జంటగా పనిచేసిన మెకానిక్ ఒక సంచి తెచ్చిచ్చాడు. అతన్ని అందరూ మౌనం మేస్త్రి అంటారు. నోట్లో నాలుక ఉందో లేదో తెలియని మనిషి. సంచిలో టిఫిను డబ్బా, కళ్ళజోడు, డ్యూటీ బట్టలు వేసుకునే ముందు విప్పి మేకుకు తగిలించిన గళ్ళ చొక్కా ఉన్నాయి. అక్క ఆ చొక్కాను మొహానికి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత గ్లాసుడు పాలు అడిగింది. ఆనాటి నుంచి ఆ చొక్కాను గాలి చొరని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రోజూ పడుకునే ముందు ఒకసారి తీసి, వాసన చూసి, మళ్ళీ మూసి పక్కకింద పెట్టుకుంటోంది. తింటోంది, నిద్రపోతోంది, కౌంటర్లో కూర్చుంటోంది. ఏడాది కావస్తోంది. ఆ ప్రాణం ఆ కవరులో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

అందరికీ అంటే, డాక్టరుకు కూడా. ఆయన భార్య చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కానీ ఆ రోజు పొద్దున ఆమె పాలకు వెళ్ళింది, అక్క కింద కౌంటర్లో ఉంది, ఆయన గదిగదికీ తిరిగి దుప్పట్లు లాగుతున్నాడు. అక్క పక్కమీది దుప్పటి లాగినప్పుడు కవరు కూడా అందులో చుట్టుకుని వచ్చేసింది. మిషను దగ్గర మూట విప్పితే కవరులో ఒక చొక్కా. మెడపట్టీ గోధుమరంగుకు తిరిగింది. కఫ్ మీద నల్లటి గ్రీజు. అంతే, డాక్టరుకు లోకం కనబడలేదు. ఇలాంటి మరక ఎన్నాళ్ళకు దొరికింది! చేత్తో రుద్ది, మందు రాసి, మరుగునీళ్ళలో తిప్పి, బాయిలరు ఆవిరి గొట్టం మీద ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, హ్యాంగరుకు తగిలించి భార్యకు చూపించాడు.

"చూశావా? ముదిరిన గ్రీజు. ఆనవాలుందా ఎక్కడైనా?"

ఆమె పాలగిన్నె కింద పెట్టింది. "ఏమండీ, ఇది మీకెక్కడ దొరికింది?"

"అక్క పక్కమీది దుప్పట్లో..." అంటూండగానే డాక్టరుకు గుర్తొచ్చింది.

"ఉతికారా?"

"ఉతికా."

"మరుగునీళ్ళతోనా?"

"రెండుసార్లు. సువాసన ద్రవం కూడా వేశా."

"అది నేనడగలేదు" అంది ఆమె, కుర్చీలో కూలబడుతూ. "వెళ్ళి నిజం చెప్పేయండి. దాస్తే ఇంకా పెద్దదవుతుంది."

"రెండోసారి చంపానంది. మూడోసారి కూడా చంపానక్కా అని ఏ నోటితో చెప్పను? అన్నం మానేస్తుందే. ఈసారి మానేస్తే మళ్ళీ ముట్టదు." డాక్టరు నిజంగానే ఏడ్చాడు. సెలైను సీసా కింద ఎముకలు తేలిన అక్క చేయి ఆయన ఇంకా మరిచిపోలేదు. "రాత్రి పడుకోబోయే ముందు కదా తీస్తుంది. అప్పటిదాకా టైముంది. చెమట వాసనే కదా కావలసింది? లోకంలో చెమటకు కరువా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ముందు చొక్కా ఆయనే తొడుక్కున్నాడు. బాయిలరు గదిలో తలుపులు మూసుకుని గుంజీలు తీశాడు. చొక్కా తడిసి ముద్దయ్యాక భార్య దగ్గరికెళ్ళి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆమె ఇష్టం లేకుండానే ముక్కు దగ్గర పెట్టి, "మీకు చెమట పట్టినా సబ్బే కారుతోందండీ. ఇది మనిషి వాసన కాదు, బట్టల సబ్బు బిళ్ళ వాసన" అంది. పుట్టినప్పటి నుంచి ఆవిరిలో, నురుగులో నానిన ఒళ్ళు అది. దాని తప్పేముంది?

తర్వాత ఉపాయం భార్యది. బావ వాడే తలనూనె కొట్టు నుంచి తెప్పించింది. గేటు మీది తుప్పు గీకింది, పాత చెక్కపేడు నానబెట్టింది, కుట్టుమిషను గ్రీజు తీసింది. అన్నీ కలిపి దూదితో చొక్కా చంకలకు, మెడకు అద్దింది. ఇద్దరూ వాసన చూశారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. "లిఫ్టు పాడైనట్టుంది కానీ మెకానిక్ వచ్చినట్టు లేదు" అన్నాడు డాక్టరు. చొక్కాను మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. పాపం ఆ చొక్కా ఏడాది పాటు ఎరగని నీళ్ళన్నీ ఒక్కరోజులో తాగింది.

ఆమె చేతులు కడుక్కుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళుతూ కౌంటరు ముందు నుంచి నడిచింది. నూనె మరక సబ్బుతో పోతుంది. నూనె వాసన అంత తేలిగ్గా పోదు. కౌంటర్లో అక్క తలెత్తి, మరదలు వెళ్ళిన వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఇలా కూర్చో. గుండె దిటవు చేసుకుని విను. నాకు తెలిసిపోయింది."

డాక్టరు కూర్చున్నాడు. "తెలిసిపోయిందా?"

"ముక్కుంది కదరా నాకు. పొద్దుటి నుంచి పైన జరుగుతున్నది నాకు తెలీదనుకున్నారా?"

"అక్కా, కావాలని చేసింది కాదు..."

"చేసింది నువ్వు కాదుగా, నువ్వెందుకు తల వంచుకోవడం? తప్పు నీ పెళ్ళాంది."

"దాన్నేమనకు. అది వద్దనే అంది. అంతా నా వల్లే."

అక్క ముఖంలో జాలి కమ్ముకుంది. "అంటే నీకు ముందే తెలుసా? తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోలేదక్కా, సరిచేద్దామని చూస్తున్నా. రాత్రికల్లా మళ్ళీ మామూలైపోతుంది."

"పిచ్చి సన్నాసీ, ఇలాంటివి రాత్రికల్లా మామూలవుతాయిట్రా?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నిప్పు లేకుండా పొగ రాదు, మనిషి లేకుండా వాసన రాదు. మగవాడి తలనూనె రాసుకుని నీ పెళ్ళాం నా ముందు నుంచి నడిచిపోయింది. అదీ మీ బావ రాసుకునే నూనె. పైకొచ్చి వెళుతున్న ఆ మగాడెవడో నాకు తెలియాలి."

అప్పుడు అర్థమైంది డాక్టరుకు. అక్కకు చొక్కా సంగతి తెలియలేదు. భార్యకు ఎవడితోనో సంబంధం ఉందనుకుంటోంది. కాదనాలంటే నూనె ఎందుకొచ్చిందో చెప్పాలి. నూనె సంగతి చెబితే చొక్కా సంగతీ చెప్పాలి. ఒకవైపు అక్క ప్రాణం, ఒకవైపు పెళ్ళాం పరువు. పెళ్ళాం తర్వాత తిడుతుంది, తిట్టడానికి బతికే ఉంటుంది కదా అనుకున్నాడు.

"నీకెలా చెప్పాలో తెలీక దాచాను" అన్నాడు తల దించుకుని.

"ఎవడ్రా వాడు?"

పొద్దుటి నుంచి డాక్టరు బుర్రలో తిరుగుతున్న పేరు ఒక్కటే. చొక్కా వేసుకోవడానికి ఇంకెవరినైనా అడగాలంటే అతన్నే అడగాలని అప్పుడే అనుకున్నాడు. నోటికి అదే వచ్చింది. "మౌనం మేస్త్రి."

అక్క ముక్కు చిట్లించింది. "మీ బావ పక్కన పనిచేసిన మనిషా! ఛీ. మాట్లాడనివాళ్ళను అసలు నమ్మకూడదు" అంది.

డాక్టరు చొక్కాను కాగితంలో చుట్టుకుని పరుగెత్తాడు. మౌనం మేస్త్రి ఎక్కడుంటే అక్కడ లిఫ్టు పనిచేయదు కాబట్టి, మెట్లన్నీ ఎక్కి, మోటారు గది చేరేసరికి ప్రాణం కళ్ళల్లోకొచ్చింది. రొప్పుతూనే జరిగిందంతా ఏకరువు పెట్టి పొట్లం విప్పాడు. తన భార్యను అతనికి అంటగట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. అన్నీ ఒకేసారి చెబితే మనిషి తట్టుకోలేడు.

మేస్త్రి చొక్కాను చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "ఇది..."

"బావదే. అక్క దాచుకున్నది."

"ఆవిడ దీన్ని దాచుకున్నారా?"

"రోజూ వాసన చూసి గానీ పడుకోదు."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు అది ఉక్క వల్ల అనుకున్నాడు. "మీకు నేనొకటి చెప్పాలి" అన్నాడు మేస్త్రి. అతని నోటి నుంచి అంత పొడుగు వాక్యం రావడమే వింత. డాక్టరు ఆ వింత కూడా గమనించలేదు.

"ఏమీ చెప్పొద్దు, మీకు దణ్ణం పెడతా, వేసుకోండి. మీరూ బావా ఒకే గదిలో, ఒకే గ్రీజుతో పనిచేశారు. అంతో ఇంతో కలుస్తుంది. సాయంత్రం దాకా చెమటోడ్చి, వెనక మెట్ల వైపు తెచ్చి మా ఆవిడకివ్వండి. అక్క కంటబడొద్దు."

"అది కాదండీ, ఆ రోజు..."

"ఆ రోజు గురించి ఇప్పుడొద్దు. నాకు ఏడుపొస్తుంది."

మేస్త్రి చొక్కా తొడుక్కున్నాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అదృష్టం అనుకుని మెట్లు దిగాడు డాక్టరు. మరక లేని చొక్కాలో ఆయనకు చూడడానికేముంది?

సాయంత్రం మేస్త్రి చొక్కా తెచ్చాడు, వెనక మెట్ల వైపే. డాక్టరుగారి భార్య అటూ ఇటూ చూసి, పొట్లం అందుకుని, గబుక్కున లోపలికెళ్ళింది. చూడకూడని మనిషి చూడనే చూసింది. ఎవరో కాదు, అక్కే. కౌంటరు తలుపు దించి పైకెళ్ళి, వంటింట్లో అన్నం ముందు కూర్చుని, ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోకుండా లేచిపోయింది. గది తలుపు వేసుకుంది.

డాక్టరు, ఆయన భార్య తలుపు బయట నిలబడ్డారు. పొట్లంలోని చొక్కా అప్పటికే కవరులోకి, కవరు పక్కకిందకి చేరింది. లోపల కవరు తెరిచిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"వదిన నన్నెందుకలా చూస్తోంది సాయంత్రం నుంచి?" అంది భార్య గుసగుసగా. "పురుగును చూసినట్టు?"

"తర్వాత చెబుతా" అన్నాడు డాక్టరు.

తలుపు తెరుచుకుంది. అక్క చొక్కాను గుండెకు హత్తుకుని నిలబడింది. ముఖం పాలిపోయింది. కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి.

"ఒరేయ్, ఈ మనిషి బతికే ఉన్నాడు" అంది.

డాక్టరు గోడ పట్టుకున్నాడు. అయిపోయింది. అన్నం మానడం కాదు, అక్కకు మతి పోయింది. తన చేతులతో తానే పోగొట్టాడు. "లేదక్కా" అంటూ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి బావురుమన్నాడు. "బావ పోయాడు. మనమే సాగనంపాం కదా. నేను చొక్కా ఉతికేశానక్కా. పొద్దున, చూసుకోకుండా. నువ్వు మళ్ళీ తిండి మానేస్తావని భయపడి ఆ మౌనం మేస్త్రికి తొడిగి చెమట పట్టించా. అది బావ వాసన కాదక్కా, అతనిది. నన్ను తిట్టు, కొట్టు, కానీ బావ బతికున్నాడని మాత్రం అనకు."

"మీ బావ సంగతి ఎవడు మాట్లాడాడ్రా?" అంది అక్క.

డాక్టరు ఏడుపు సగంలో ఆగిపోయింది.

అక్క మంచం అంచున కూర్చుంది. చొక్కాను ఒళ్ళో పెట్టుకుంది. "ఆ సంచి వచ్చిన రోజే తెలిసింది నాకు, ఇది మీ బావది కాదని. పెళ్ళికి ముందు నుంచీ ఎరిగిన వాసన, నాకు తెలీదా? ఇది ఎవరిదో. కానీ మీ బావతో పాటు పనిచేసిన పదిమందిలో ఒకరిది. ఇందులో ఏ మూలనో ఆయన అంటుకుని ఉంటాడేమోనని రోజూ వెతికాను. ఎక్కడో ఒకచోట రవ్వంత దొరికినట్టుండేది. దానికోసమే పాలు తాగాను, అన్నం తిన్నాను. వెతగ్గా వెతగ్గా ఆ రవ్వ పోయింది. ఆయన పోయాడు. ఈ వాసన మిగిలింది." చొక్కా మెడపట్టీ సవరించింది. "తర్వాత్తర్వాత నేను ఆయన్ని వెతకడం లేదురా. ఇదే బాగుంది నాకు. ఇది లేకపోతే నిద్ర పట్టడం లేదు. మొగుడు పోయి ఏడాదన్నా తిరక్కుండా, ఎవడో పరాయి మగాడి చెమట వాసన చూసుకుని హాయిగా నిద్రపోతున్నానని ఎవరితో చెప్పుకోను? అందుకే కవరులో పెట్టి దాచాను. మీరంతా నేను మొగుణ్ణి దాచుకున్నాననుకున్నారు."

డాక్టరు మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరో తెలిస్తే బాగుండునని ఎన్నిసార్లనుకున్నానో" అంది అక్క. "తెలియనే తెలిసింది. వెళ్ళి వెళ్ళి మన ఇంటి కాపురం కూల్చే మనిషయ్యాడు. నా ముక్కుకు బుద్ధి లేదు."

"ఎవరి కాపురం వదినా?" అంది డాక్టరుగారి భార్య.

"నాటకాలాడకమ్మాయ్. నీ మొగుడే చెప్పాడు. నువ్వూ, ఆ మేస్త్రీ."

డాక్టరుగారి భార్య నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. ఆమె చూపులో ఏముందో రాయడం కష్టం. ఏ మందుకూ లొంగని మరక పడ్డట్టు డాక్టరుకు జీవితంలో మొదటిసారి అనిపించింది. నేలమీద కూర్చునే నూనె సంగతి, తుప్పు సంగతి, ఆ పేరు నోటికెలా వచ్చిందో ఆ సంగతి గడగడా చెప్పేశాడు. వింటూ వింటూ అక్క చొక్కా వైపు చూసింది. "అంటే, అదంతా అబద్ధమా?"

"మొత్తం అబద్ధం. అతనికి పాపం అసలేమీ తెలీదు."

కింద గంట మోగింది. వెళ్ళిపోయాడనుకున్న మౌనం మేస్త్రి ఇంటికెళ్ళి మళ్ళీ వచ్చాడు. చంకలో ఇంకో పొట్లం. అక్క చొక్కాను భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చి కౌంటరు వెనక తన చోట నిలబడింది. వెనకే మిగిలిన ఇద్దరూ. బావ స్నేహితులందరూ అక్కను చెల్లెమ్మా అనో వదినా అనో పిలిచేవాళ్ళు. ఈ మనిషి ఇన్నేళ్ళలో ఏ వరసా పెట్టలేదు. అప్పుడు కూడా గోడవైపు చూసే మాట్లాడాడు.

"కంపెనీ అందరికీ ఒకే తాను గుడ్డ ఇచ్చింది. మేమిద్దరం ఒకే దర్జీ దగ్గర కుట్టించుకున్నాం. ఆయన పోయిన రోజున రెండు చొక్కాలూ ఒకే మేకుకు ఉండిపోయాయి. సంచి సర్దినప్పుడు కంగారులో నాది పెట్టేశాను. ఇంటికెళ్ళాక జేబులో ఆయన దువ్వెన ఉంది." పొట్లం కౌంటరు మీద పెట్టాడు. "మాసిన చొక్కా తెచ్చి ఇవ్వడం మర్యాద కాదని ఉతికించాను. తర్వాత తేవడానికి మొహం చెల్లలేదు."

అక్క పొట్లం విప్పింది. అచ్చం అలాంటి గళ్ళ చొక్కా. మడత నలగలేదు. పైన చిన్న దువ్వెన.

"ఎక్కడ ఉతికించారు?" అన్నాడు డాక్టరు.

"మీ దగ్గరే."

మెడపట్టీకి ఇంకా ఉన్న గుర్తు గుడ్డ మీద డాక్టరు సొంత చేతిరాత. అక్క గది దాటి రాని ఆ రోజుల్లో కౌంటర్లో కూర్చున్నది తనే. "మీరు నా మొహం చూళ్ళేదు. జేబు మీద కాఫీ మరక చూసి, లొంగుతుందిలే అన్నారు" అన్నాడు మేస్త్రి.

అక్క ఆ చొక్కాను ముఖానికి ఆనించుకుంది. ఇనుము లేదు, తడిసిన చెక్క లేదు, పేరు లేని ఆ మూడోది అసలే లేదు. కాస్త గంజి, కాస్త ఆవిరి. "నువ్వు ఏది ఉతికినా శుభ్రంగా ఉతుకుతావురా" అంది తమ్ముడితో. తిట్టలేదు. తిట్టి ఉంటే డాక్టరు ఆ రాత్రి నిద్రపోయేవాడు. బావ పోయిన రోజున ఏడవని ఏడుపంతా అక్క ఆ కౌంటరు మీద తల ఆనించి ఏడ్చింది. ఏడ్చినంతసేపూ మేస్త్రి గోడవైపు చూస్తూ నిలబడ్డాడు, వెళ్ళిపోలేదు.

తర్వాత ఆమె మొహం తుడుచుకుంది. బావ చొక్కాను, దువ్వెనను పక్కన పెట్టుకుంది. వాటికి కవరు అక్కర్లేదు. పోవడానికి అందులో ఏమీ మిగల్లేదు. రెండో చొక్కా ఇంకా ఆమె భుజం మీదే ఉంది.

"అది నాది" అన్నాడు మేస్త్రి, మెల్లగా చేయి చాపి.

"మాసింది" అంది అక్క.

"పర్లేదు. అలాగే ఇవ్వండి."

"మాసిన బట్ట తిరిగివ్వడం మా దుకాణంలో లేదు. బాయిలరు బాగయ్యాక ఉతికి పంపిస్తాం."

బాయిలరు బాగయింది. డాక్టరుగారి భార్య ఆయనతో మాట్లాడటానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. ఆ ఇంట్లో దుప్పట్లు లాగే అధికారం కూడా ఆయనకు పోయింది. అక్క వేళకు తింటోంది. మౌనం మేస్త్రి ఇప్పుడు బట్టలన్నీ ఇక్కడే వేస్తున్నాడు. వారం వారం మూట తెచ్చి కౌంటరు మీద పెట్టి, ఏ వరసా లేకుండా తల ఊపి పోతాడు. మూట ఉతికి తిరిగి ఇచ్చేటప్పుడు ఎప్పుడూ ఒక చొక్కా తక్కువే ఉంటుంది. దాని బదులు పోయిన వారం తగ్గిన చొక్కా ఉంటుంది. అతను అక్కడే నిలబడి మూట విప్పి చూసుకుంటాడు.

"మరక పోతుంది, బట్ట పోదు" అన్న బోర్డు కింద నిలబడి, బట్ట పోయిందని నోరెత్తని ఖాతాదారు ఆ దుకాణానికి అతనొక్కడే.